విత్తనమునకు శీతోపచారము

విత్తనము నాటి నీరు పోసినచో మొలచుననుట మన దేశమున పసిబిడ్డలును ఎఱిగిన సంగతి. పెసలను తడిగుడ్డలో మూటగట్టి యుంచిన మఱునాటికే తెల్లని మొలకలు తలలెత్తుట మనము వంటయింట చూచుచునే యున్నాము. కావున నీరును, గాలియు, తగినంత వెచ్చదనమును ఉన్నచో గింజ మొలవక తప్పదనియు, ఇవి యన్నియు నుండియు మొలవని గింజ చచ్చిన గింజయే యనియు సాధారణముగ తలంతుము. సామాన్యశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడనై యుండియు నేనును చాలకాలము అట్లే తలంచితిని. ఆ తలంపు తప్పని నాకు తెలిపినవాడు మన పాఠశాలలో ఏడవ తరగతి చదువుచుండిన యొక బాలుడు. ముందుగ ఆ సంగతి చెప్పి, పిమ్మట శాస్త్రవిషయమునకు వచ్చెదను.

రెండేండ్ల క్రిందట ఆ బాలుని తల్లి జబ్బుపడి కొంతకాలము ఆసుపత్రిలో నుండెను. మనవైపున రోగిని చూడబోవువారు ఆపిలు పండ్లు పట్టుకొని పోవుట వాడుక గదా! ఆమె తినిన పండ్లలోని గింజలను బాలుడు కాగితమున పొట్లము గట్టి తెచ్చి, పాఠశాల తోటలో వేపచెట్టు నీడను చిన్న మడి చేసి నాటెను. ప్రతిదినము ప్రార్థనగంట మ్రోగక మునుపే వచ్చి నీరు పోయుచుండెను. నలువది దినములు గడచినను ఒక్కటియు మొలవలేదు. త్రవ్వి చూడగా కొన్ని కుళ్లి యుండెను. కొన్ని చెక్కుచెదరక యట్లే యుండెను. నన్నడిగినప్పుడు, "నాయనా, ఇవి చచ్చిన గింజలు. చలిదేశపు చెట్టు మన మట్టిలో మొలవదు. వీనిని పాఱవైచి బెండగింజలు నాటుకొనుము" అంటిని. వాడు మాఱుమాట లేక మడిని చదును చేసెను. తల్లి జబ్బుతో నున్న బాలునితో ఆ మాట అంత తేలికగ అనదగినది కాదని నాకప్పుడు తోచలేదు.

మఱుసటి యేప్రిలు మాసమున ఆ బాలుడే కోసిన ఆపిలు చెక్క నొకదానిని గుడ్డలో చుట్టి తెచ్చి నా బల్లపై బెట్టెను. దాని నడుమ గదిలో రెండు గింజలు పగిలి, ఒక్కొక్కదానినుండి తెల్లని వేరు బయటికి వచ్చియుండెను. "మాస్టారూ, అమ్మ కోయుచుండగా కనబడినది. మట్టిలో నాటి నీరు పోసిన గింజ చచ్చినదైనచో, మట్టి లేక నీరు లేక పండులోనే యున్న గింజ ఎట్లు మొలచినది?" అని యడిగెను. నాయొద్ద ప్రత్యుత్తరము లేదు. తెలిసికొని చెప్పెదనని వానిని పంపి, గ్రంథములు వెదకితిని. అట్లు తెలిసికొనిన దానినే యిచ్చట సోదర విద్యార్థులందఱి కొఱకు వ్రాయుచున్నాను.

వేచియుండుట వేఱు, నిద్రించుట వేఱు

మొలవని గింజలన్నియు నొక తీరువి కావు. డబ్బాలోని పెసరగింజ మొలవకుండుటకు కారణము దానికి నీరు దొరకకపోవుటయే. నీరు తగిలినంతనే మొలచును. అది వేచియున్న గింజ. మఱియొక జాతి గింజలు గలవు. వానికి నీరును, గాలిని, వెచ్చదనమును సమృద్ధిగ నిచ్చినను కదలవు. అవి చావలేదు, లోపల జీవము క్షేమముగనే యున్నది. కాని మొలచుటకు అడ్డుగ నేదో గడియ వేయబడి యున్నది. ఇట్టి స్థితికి శాస్త్రజ్ఞులు సుప్తావస్థ యని పేరిడిరి. ఇది నిద్రించు గింజ.

ఈ నిద్ర మన రైతులకును క్రొత్త గాదు. కొన్ని రకముల వడ్లు నూర్చిన వెంటనే నానబోసిన సరిగ మొలవవనియు, కొన్ని వారములు నిలువ యుంచినగాని నారుకు పనికిరావనియు వారెఱుగుదురు. వేరుసెనగయందు గుత్తిరకమునకు ఈ నిద్ర మిక్కిలి తక్కువ. కావున కాయ పక్వమైన దినములలో వాన పట్టినచో త్రవ్వక మునుపే భూమిలో మొలచి పంట చెడును. తీగరకపు గింజకు కొన్నివారముల నిద్ర యుండుటచే అంత నష్టము కలుగదు. దీనినిబట్టి నిద్ర గింజకు రోగము గాదనియు, అకాలమున మొలచి నశింపకుండుటకు ప్రకృతి యేర్పఱచిన కాపుదల యనియు తేలుచున్నది.

చింతగింజవంటివాని నిద్రకు కారణము నీరు చొరనీయని గట్టిపెంకు మాత్రమే. పెంకును కొంచెము అరగదీసి నానబెట్టిన చాలును. ఆపిలు, పియరు, పీచు, చెఱ్ఱీ, ఆప్రికాటు మొదలగు చలిదేశపు ఫలవృక్షముల గింజల నిద్ర యట్టిది కాదు. పైపెంకు తీసివైచినను లోపలి శిశుమొక్క తానే నిద్రించుచుండును. దానిని లేపగలది యొక్క చలియే.

ఆపిలు పుట్టినిల్లు

ఇట్టి విచిత్రమైన కట్టుబాటు ఏల యేర్పడెనో తెలియవలెనన్న ఆపిలు పుట్టినింటికి పోవలెను. మధ్య ఆసియాలో కజకిస్తాను దేశమునందు తియన్ షాన్ అను పర్వతపంక్తి గలదు. దాని లోయలలో అడవి ఆపిలు చెట్లు వనములుగ పెరుగుచున్నవి. ఆ పర్వతపాదమున నున్న నగరమునకు ఆల్మటి యని పేరు. దీని పాతపేరు ఆల్మా ఆటా. ఆ దేశభాషలో ఆల్మా యనగా ఆపిలు. రష్యాదేశపు సుప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు నికొలాయ్ వావిలోవ్ 1929వ సంవత్సరమున ఆ ప్రాంతమును దర్శించి, మన తోటల ఆపిలుకు జన్మస్థాన మదియే యని గుర్తించెను. 2010లో ఆపిలు జన్యుక్రమమును చదివిన శాస్త్రజ్ఞులు, అచ్చటి అడవి ఆపిలు చెట్టే మన ఆపిలునకు ముఖ్య పూర్వికురాలని నిర్ధారించిరి.

ఆ కొండలలో ఆపిలు పండ్లు శరత్కాలమున పండి రాలును. ఎలుగుబంట్లు మొదలగు మృగములు వానిని తిని గింజలను దూరప్రదేశములకు చేర్చును. అప్పటికి నేల తడిగ నుండును. ఎండ యింకను కొంత వెచ్చగనే యుండును. గింజ మన పెసరగింజవలె నడవుకొనునదైనచో, ఆ వెచ్చదనమునకు మోసపోయి వెంటనే మొలచును. ఒక మాసము గడచునప్పటికి మంచు కురియ నారంభించును. రెండాకుల లేతమొక్క గడ్డకట్టి చచ్చును. అట్లు తొందరపడిన గింజల వంశము నిలువలేదు. శీతకాలము వచ్చి పోవువఱకు కదలని గింజలే వసంతమున మొలచి చెట్లయి, తమ స్వభావమును తమ సంతతికి ఇచ్చినవి.

అయితే గింజకు పంచాంగము లేదు. శీతకాలము గడచినదని దాని కెట్లు తెలియవలెను? వెచ్చదనము నమ్మదగిన గుర్తు కాదు. శరత్తునందును వెచ్చదనము గలదు, వసంతమునందును గలదు. శరత్తునకును వసంతమునకును నడుమ నుండునది దీర్ఘమైన తడిచలి యొక్కటియే. కావున గింజ వెచ్చదనమును గాక చలినే సాక్షిగ గైకొనినది. కొన్ని మాసముల చలిని అనుభవించినగాని వెచ్చదనము పిలుపును ఆలకింపదు.

గింజలోపల జరుగు మార్పు

ఆపిలు గింజను నిలువున చీల్చి చూచినచో గోధుమవన్నె పైపొరయు, దాని లోపల పలుచని పొరయు, నడుమ తెల్లని శిశుమొక్కయు కనబడును. శిశుమొక్కలో అధికభాగము రెండు బీజదళములు. వానియందు నూనెయు మాంసకృత్తులును నిలువ యున్నవి. వాని మొదట సూదిమొనవంటి చిన్న వేరు గలదు.

ఈ శిశుమొక్కను నిద్రపుచ్చు పదార్థము నొకదానిని శాస్త్రజ్ఞులు 1963 ప్రాంతమున కనుగొనిరి. అమెరికాలో పత్తికాయలు రాలుటకు కారణము వెదకుచుండిన ఆడికాట్ పక్షమువారును, బ్రిటనులో చెట్ల మొగ్గల నిద్రను శోధించుచుండిన వేరింగ్ పక్షమువారును వేఱువేఱు త్రోవల పోయి ఒకే పదార్థమును చేరిరి. దానికి 1967లో అబ్సిసిక్ ఆమ్లమను పేరు స్థిరపడెను. ఇది గింజ పక్వమగునప్పుడే దానిలో చేరి, శిశుమొక్క పెరుగుదలను ఆపివైచును.

దీనికి ప్రతిపక్షముగ పనిచేయు పదార్థమునకు గిబ్బరెల్లిన్ అని పేరు. దీని చరిత్రము వరిచేనులో నారంభమైనది. ఒక శిలీంధ్రము సోకిన వరినారు మితిమీఱి పొడుగెదిగి పడిపోవుటకు ఆ శిలీంధ్రము విడుచు పదార్థమే కారణమని జపానుదేశపు శాస్త్రజ్ఞుడు కురోసావా 1926లో చూపెను. 1935లో యబూటా యను మఱియొక శాస్త్రజ్ఞుడు దానికి ఈ పేరిడెను. అట్టి పదార్థములనే మొక్కలు తమంతట తాము తయారుచేసికొనునని తరువాత తెలిసినది. ఇది నిలువ యున్న ఆహారమును కరగించు ఎంజైములను పురికొల్పి, వేరును ముందునకు నడపును.

నిద్రించు గింజయందు మొదటిదానిది పైచేయి. తడిగ నున్న గింజకు చలి తగిలిన కొలది అబ్సిసిక్ ఆమ్లము తగ్గుచు వచ్చును. మిగిలినదానికి శిశుమొక్క లోబడుటయు తగ్గును. గిబ్బరెల్లిన్ బలము హెచ్చును. బీజదళములలోని నూనె కొంచెము కొంచెముగ కరగ నారంభించును. ఈ పక్కనుండి ఆ పక్కకు త్రాసు మ్రొగ్గుటకు దినములు గాదు, మాసములు పట్టును. త్రాసు మ్రొగ్గిన పిమ్మట వెచ్చదనము తగిలినచో గింజ మొలచును. బయటినుండి చూచువానికి గింజ యందేమియు మార్పు కనబడదు. పని యంతయు లోపలనే జరుగుచుండును.

పైపొరకును ఇందు పాలు గలదు. ఆపిలు గింజ పొరలోని కొన్ని పదార్థములు ప్రాణవాయువును తామే పీల్చుకొని లోపలి శిశుమొక్కకు తగినంత చేరనీయవు. వెచ్చదనము హెచ్చిన కొలది ఈ దోపిడి హెచ్చును, చలియందు తగ్గును. ఇదియు చలి మేలు చేయుటకు ఒక కారణము.

చలి యెట్టిదై యుండవలెను?

చలి యనగానే మంచుగడ్డ యని తలంపరాదు. ఇందు నాలుగు నియమములు గలవు.

మొదటిది చలిమితి. 3 మొదలు 5 సెంటిగ్రేడు డిగ్రీల చలి శ్రేష్ఠము. 10 డిగ్రీలయందు పని మందముగ సాగును. సున్నకు దిగువను నీరు గడ్డకట్టినచో గింజలోని రసాయనిక మార్పులు నిలిచిపోవును గాన ఫలము లేదు.

రెండవది తడి. ఎండు గింజను ఎంతకాలము చలిలో నుంచినను దాని నిద్ర తీఱదు. ఏలయన నీరు లేనిదే లోపల మార్పేదియు జరుగదు. ఎండు గింజకు చలి నిలువ సాధనము మాత్రమే.

మూడవది గాలి. నీటిలో మునిగియున్న గింజకు ప్రాణవాయువు చాలదు, అది కుళ్లును. తడి యుండవలెను గాని నీరు నిలువరాదు.

నాలుగవది కాలము. ఆపిలు, పియరు గింజలకు సుమారు 60 మొదలు 90 దినములు కావలెను. పీచు గింజకు 90 మొదలు 120 దినములు, చెఱ్ఱీకి 90 మొదలు 150 దినములు పట్టును. ఆప్రికాటునకు ఒకటి రెండు మాసములు చాలును. నడుమ గింజలకు పదిహేను, పదునేడు డిగ్రీలకు మించిన వేడి కొన్ని దినములు తగిలినచో అంతవఱకు సాగిన పని కొంత వెనుకకు పోవును. గింజ మఱల గాఢనిద్ర పోవుటయు కలదు.

ఇప్పుడు మన బాలుని ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకినది. కొండప్రదేశములలో ఆగస్టు మొదలు అక్టోబరు వఱకు కోసిన ఆపిలు పండ్లను శీతలగిడ్డంగులలో మాసముల తరబడి నిలువ యుంచి, మఱుసటి వేసవి వఱకు మన యూళ్లకు పంపుదురు. గిడ్డంగిలో చలి కలదు; పండులో తడి కలదు; కాలమును గడచినది. పండు తెలియకయే గింజకు శీతకాలమైనది. పిమ్మట అంగడిలోను, ఇంటిలోను వెచ్చదనము తగులగానే గింజ మొలచినది. వాడు మొదట నాటిన గింజలకు మాత్రము మన వెచ్చని మట్టియే దొరకినది. అవి చావలేదు. తమకు తెలిసిన వసంతము ఇంకను రాలేదని పడుకొనియుండెను.

తోటమాలుల పద్ధతి

రసాయనముల పేర్లు తెలియక పూర్వమే చలిదేశపు తోటమాలులు ఈ మర్మమును గ్రహించిరి. పెట్టెలో నొక పొర తడియిసుక పోసి, దానిపై నొక పొర గింజలు పఱచి, మఱల ఇసుక, మఱల గింజలు, ఇట్లు పొరలు పొరలుగ నింపి శీతకాలమంతయు చల్లనిచోట నుంచి వసంతమున నాటుదురు. పొర యను అర్థముగల లాటిను పదమునుండి ఈ పద్ధతికి స్ట్రాటిఫికేషన్ అను పేరు వచ్చినది. కాశ్మీరమునను, హిమాచలప్రదేశమునను మొక్కలు పెంచువారు నేటికిని డిసెంబరు మాసమున గింజలను తడియిసుకలో నుంచి, శీతకాలము తీఱిన పిమ్మట మళ్లలో నాటుచున్నారు.

మేలురకపు ఆపిలును అంటుకట్టి పెంచుదురు గదా, గింజలతో పనియేమి యని మీరడుగవచ్చును. ఆపిలు గింజనుండి పుట్టిన చెట్టు తల్లివంటి పండ్ల నీయదు. ఒక్కొక్క గింజ యొక్కొక్క క్రొత్త రకము. కావున రకమును నిలుపుటకు అంటే శరణ్యము. కాని అంటును మోయుటకు వేరుగల మొక్క కావలెను గదా! అట్టి మొక్కలను అనేకచోట్ల గింజలనుండియే పెంచుదురు. క్రొత్తరకములను సృష్టించుటకును గింజయే మార్గము. రెడ్ డెలిషస్ అను ప్రసిద్ధమైన ఎఱ్ఱ ఆపిలు పుట్టుకయు అట్టిదే. అమెరికాలోని అయొవా రాష్ట్రమున జెస్సీ హయట్ అను రైతు తోటలో, 19వ శతాబ్దమున, ఎవ్వరును నాటకయే ఒక మొక్క మొలచెను. వరుసలో లేదని ఆయన దానిని నఱికివేయగా మఱల చిగిర్చెనని చెప్పుదురు. ఏదో యొక శీతకాలమును మట్టిలో గడపిన యొక గింజయే దానికి మూలము.

ఆ రకమును మన దేశమునకు తెచ్చి ప్రచారము చేసినవాడు శామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్. ఫిలడెల్ఫియా నగరవాసియగు ఈయన 1904లో కుష్ఠురోగుల సేవకై హిందూదేశమునకు వచ్చి, పిమ్మట సిమ్లాకొండలలో కోట్‌గఢ్ అనుచోట స్థిరపడి, 1916లో అమెరికానుండి తెప్పించిన ఆపిలు మొక్కలను నాటెను. బీద కొండరైతులకు ఆ పంట గొప్ప జీవనోపాధి యైనది.

తొందరపెట్టిన శిశువు

చలి లేకయే గింజను మొలపింప వీలులేదా? న్యూయార్కు సమీపమున యాంకర్సు పట్టణమున 1924లో బోయ్స్ థాంసన్ పరిశోధనాలయము స్థాపింపబడెను. దానికి అధ్యక్షుడైన విలియం క్రాకరును, ఆయన సహచరులును గింజల నిద్రను గూర్చి అనేక పరిశోధనలు చేసిరి. వారిలో ఫ్లోరెన్సు ఫ్లెమియన్ అను విదుషి 1930 తరువాతి యేండ్లలో ఒక వింతను గమనించెను. పీచు టెంకను పగులగొట్టి, పైపొరలను ఒలిచి, శిశుమొక్కను మాత్రము తడిలో నుంచినచో చలి లేకయే మొలచును. కాని అట్లు మొలచిన మొక్క మరుగుజ్జు. కణుపుల నడుమ దూరము లేక ఆకులన్నియు ఒక్కచోట కుంచించుకొని, వంకరపోయి యుండును. ఎన్ని యెరువులు వేసినను సరిగ పెరుగదు. అట్టి మొక్కనే కొంతకాలము చలిలో నుంచి తెచ్చినచో, అప్పుడు చక్కగ సాగును.

నేడు గిబ్బరెల్లిన్ ద్రావణములో గింజలను నానబెట్టి చలికాలమును కొంత తగ్గించువారును గలరు. అదియు చలి చేయు పని నంతటిని చేయజాలదు.

మా చిన్న పరీక్ష

ఇంత తెలిసికొనిన పిమ్మట ఆ బాలుని పిలిచి, నేను తప్పు చెప్పితినని వాని తరగతి యెదుటనే ఒప్పుకొంటిని. అందఱము కలిసి పరీక్ష చేయుటకు నిశ్చయించుకొంటిమి. శీతలగిడ్డంగి చేరని క్రొత్తపంట పండ్లు కావలెను. లేనిచో గింజలు ముందే కొంత చలి తినియుండును. సెప్టెంబరు మాసమున అట్టి పండ్లు సంపాదించి, గింజలను కడిగి మూడు భాగములు చేసితిమి.

మొదటి భాగమును తడియిసుకలో కలిపి తరగతిగదిలోనే యుంచితిమి. రెండవ భాగమును ఎండు కాగితములో చుట్టి రిఫ్రిజిరేటరులో నుంచితిమి. మూడవ భాగమును ఒక దినము నానబెట్టి, కడిగిన యేటియిసుకలో కలిపి, మూతకు చిల్లులు పొడిచిన డబ్బాలో పోసి, అదే రిఫ్రిజిరేటరులో దిగువ అరలో బెట్టితిమి. ఇసుకను పిడికిట పట్టి పిండినచో ముద్ద కావలెను, నీరు కాఱరాదు. ఇదియే తడికి గుర్తు. మంచుగడ్డ కట్టు పై అరలో పెట్టరాదు. వారమున కొకమాఱు డబ్బా తెఱచి గాలి తగిలించి, బూజుపట్టిన గింజలను ఏఱివేయు పని ఆ బాలునిదే.

డెబ్బదియైదు దినములైన పిమ్మట అన్నింటిని కుండీలలో నాటితిమి. వెచ్చని తడిలో నున్నవి కొన్ని కుళ్లెను; మిగిలినవి కదలలేదు. ఎండుచలిలో నున్నవియు కదలలేదు. తడిచలిలో నున్నవానిలో కొన్ని డబ్బాలోనే వేరు వేసి యుండెను. రెండు వారములలో సగమునకు పైగా మొలచినవి. చలి యొక్కటియే చాలదనియు, తడి యొక్కటియే చాలదనియు, రెండును కలియవలెననియు పిల్లలు కన్నులార చూచిరి.

ఈ పరీక్షను ఇంటియొద్ద చేయగోరువారికి రెండు హెచ్చరికలు. ఆపిలు, పీచు, ఆప్రికాటు గింజలను కొఱికి నమలరాదు. నలిగినచో వానినుండి సయనైడు విషము పుట్టును. ఇంతకంటె ముఖ్యమైన మఱియొక మాట: ఈ శీతోపచారమును మన మామిడి, పనస, నేరేడు గింజలకు చేయరాదు. అవి వానకాలపు బిడ్డలు. వానికి నిద్రయే లేదు. తడి యాఱక మునుపే నాటవలెను. ఎండినను చచ్చును, చలి తగిలినను చచ్చును. ఒక గింజకు ప్రాణమిచ్చునదే మఱియొక గింజకు ప్రాణాంతకము. కావున గింజ పుట్టినిల్లు ఏదో తెలియక దానికి ఉపచారము చేయబోరాదు.

చలి తగ్గుచున్న కాలము

ఈ విషయము కుండీలతో ముగియునది కాదు. ఆపిలు గింజవలెనే ఆపిలు చెట్టు మొగ్గలును శీతకాలమున నిద్రించి, తగినంత చలి తగిలినగాని సరిగ వికసింపవు. రెడ్ డెలిషస్ వంటి రకములకు 7 డిగ్రీలకు దిగువ సుమారు వేయి గంటల చలి కావలెను. ఇటీవలి దశాబ్దములలో హిమాలయప్రాంతమున వేడి హెచ్చి, శీతకాలపు మంచు తగ్గుచున్నది. కులూ లోయ దిగువభాగములలో ఒకప్పుడు ఆపిలు పండించిన రైతులు కొందఱు దానిమ్మకును, కూరగాయలకును మఱలిరి. ఆపిలు తోటలు మఱింత ఎత్తునకు ప్రాకినవి. చలి చాలని యేట పూత యొక్కమాఱు రాక, కాపు తగ్గును. తక్కువ చలితో కాయు రకములు లేకపోలేదు. ఇజ్రాయేలు దేశమున పుట్టిన ఆనా, హిమాచలప్రదేశపు దిగువకొండలలో పుట్టిన హెచ్ఆర్ఎంఎన్-99 అట్టివి. కాని తరతరములుగ పెంచిన తోటను మార్చుట రైతునకు సులభము గాదు.

తియన్ షాన్ కొండలలోని ఆపిలు వనములును పూర్వమంత విస్తారముగ నిప్పుడు లేవు. నగరములు పెరుగుటచేతను, చెట్లు నఱకుటచేతను అవి క్షీణించినవి. 1989 మొదలు 1996 వఱకు అమెరికా శాస్త్రజ్ఞులు అచ్చటి శాస్త్రజ్ఞులతో కలిసి ఆ లోయలలో తిరిగి గింజలను సేకరించిరి. తెగుళ్లకు తట్టుకొను గుణములు, భిన్నవాతావరణములకు ఒదుగు గుణములు ఆ అడవి గింజలలో దాగియున్నవని వారి యాశ. ఆ గింజలనుండి మొక్కలు పెంచుటకు వారును ముందుగ చేయవలసినది చలిలో నిద్ర తీర్చుటయే.

మా కుండీలలోని మొక్కలు ఈ సంచిక అచ్చునకు పోవునాటికి జానెడు ఎత్తు పెరిగి, వేపచెట్టు నీడను ఉన్నవి. మన సముద్రతీరపు వేసవిని అవి తట్టుకొనునో లేదో చెప్పజాలను. తట్టుకొన్నను మనయొద్ద చలి లేదు గాన పండ్లు కాయునని ఆశ పెట్టుకొనలేదు. ఈ మాట చెప్పినప్పుడు ఆ బాలుడు, "కాయకున్నను పరవాలేదు మాస్టారూ, మా అమ్మకు చూపించితిని" అనెను.

విద్యార్థులారా, గింజను గూర్చి నేను నేర్చుకొనినది పాఠ్యపుస్తకమున నొక పుట మాత్రమే. కాని నలువది దినములు నీరు పోసి, మొలవలేదు గనుక చచ్చినదని తీర్పు చెప్పిన నా తొందరను ఇక మఱువను. తరగతిలో వెనుకబల్లపై మౌనముగ కూర్చుండు వారిని చూచినప్పుడెల్ల ఆ మడి నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. మొలవని గింజను పాఱవేయక మునుపు దానికి కావలసిన ఋతువు వచ్చినదా యని విచారించుట మన ధర్మము.